95 శాతం కార్బన్ అని అమ్మిన హాకీ స్టిక్‌లో కార్బన్ పోగు ఒక్కటీ లేదు, కొనేముందు ఇది చదవండి

హాకీ ఆడే పిల్లలున్న అమ్మానాన్నలు, ముఖ్యంగా కాకినాడ చుట్టుపక్కల వాళ్ళు, దయచేసి ఇది ఆఖరిదాకా చదవండి. సెలక్షన్లు దగ్గర పడగానే గ్రౌండు గేటు దగ్గర పట్టా వేసి స్టిక్కులు పరిచే మనిషి, షాపు కూడా ఉంది, ఎవరో మీకు చెప్పక్కర్లేదు. పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదులో రాశాను. అతని దగ్గర మా మేనకోడలికి 9,500 రూపాయలు పెట్టి స్టిక్ కొన్నాం. మ్యాచ్ మధ్యలో గ్రిప్‌కి, అంటే చేత్తో పట్టుకునే చోటుకి, జానెడు కింద షాఫ్ట్ (స్టిక్ పొడవాటి కాడ) రెండు ముక్కలైంది. స్టిక్కులు విరుగుతాయండి, ఎంత మంచివైనా ఏదో ఒకరోజు విరుగుతాయి, అంతమాత్రానికి నేను ఇంత రాయను. లోపల ఏముందో చూశాక, చూపించడానికి వెళ్తే అతను ఆ పిల్లతో మాట్లాడిన తీరు చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

పిల్ల పదో తరగతి, డిఫెండరు. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు మన కాకినాడలోనే జరిగినప్పుడు రోజూ వెళ్ళి చూసింది, అప్పట్నుంచి దానికి ఇదే లోకం. మా చెల్లెలు బట్టలు కుట్టి ఇల్లు నడుపుతోంది, ఈ స్టిక్ కోసం చీటీ ఎత్తింది. కోచ్ గారు షాఫ్ట్‌ని బిగువుగా చేసే కార్బన్ పోగులు 50, 60 శాతం ఉన్నది చాలన్నారు. ఈ మనిషేమో "అదే రేటుకి 95 శాతం ఇస్తాను, మన పిల్ల కదా" అన్నాడు. షాఫ్ట్ మీద వెండి రంగులో 95 అని పెద్దగా ఉంది. నల్లటి నేత కనిపిస్తోంది. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద రేటు రాసిచ్చాడు, డబ్బు ఫోన్‌పేలో అతని సొంత నంబరుకి వెళ్ళింది.

విరిగింది డిఫెన్స్ నుంచి పొడుగు హిట్ కొట్టేటప్పుడు. గ్రిప్ ముక్క చేతిలో ఉండిపోయింది, హెడ్, అంటే బంతిని కొట్టే వంకర చివర, ఉన్న ముక్క పక్కనే ఉన్న ఇంకో పాప చెంప ముందు నుంచి దూసుకుపోయింది. తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. విరిగిన కొస బరిసెలా ఉంది.

నా సంగతి తెలియనివాళ్ళకి చెబుతున్నాను, నేను జాలర్ల ఫైబర్ బోట్లు బాగుచేస్తాను. గ్లాస్ మ్యాట్ అనే గాజు పోగుల పరుపు, వాటిని పట్టి ఉంచే రెసిన్ జిగురు, ఆ జిగురుని గట్టిపరిచే హార్డెనర్, వీటి మధ్యనే నా బతుకు. ఆ మ్యాట్ పోగులు చర్మానికి తగిలితే సాయంత్రం దాకా దురద వదలదు. విరిగిన ముక్క పట్టుకున్న కాసేపటికే అరచేతిలో అదే దురద మొదలైంది. చూస్తే లోపల అంతా తెలుపు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెల్ల గ్లాస్ పోగులే. పైన కనిపించిన నల్లటి నేతను బ్లేడుతో గీకితే పల్చటి పొరలా లేచి వచ్చేసింది. అది ముద్రేసిన ప్లాస్టిక్ పొర. షాఫ్ట్ గోడ కూడా ఒకవైపు మందం, ఇంకోవైపు మరీ పల్చన. పల్చటి వైపు రెసిన్‌లో గాలి బుడగలు. సరిగ్గా అక్కడే విరిగింది. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు అలా వేస్తే కోసి మళ్ళీ వేయిస్తాను.

రెండు ముక్కలూ తీసుకుని, పిల్లని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళాను. ఇక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముక్కలు బల్ల మీద పెట్టాను. అతను ఫోన్లోంచి తలెత్తకుండా "ఓడిపోయారా?" అన్నాడు. మొదటి మాట అదే. దెబ్బ తగిలిందా అని లేదు, ఎలా విరిగిందని లేదు.

"మ్యాచ్‌లో హిట్ కొడితే విరిగిందండి, లోపల ఒకసారి చూడండి" అన్నాను.

చెయ్యి కూడా చాపలేదు. "ఓడిపోతే కోపంలో స్టిక్ నేలకేసి కొడతారండీ ఈ పిల్లలు. కొట్టేసి ఇంటికెళ్ళి విరిగిందంటారు. రోజూ చూస్తాం."

పిల్ల మెల్లిగా "నేను కొట్టలేదంకుల్" అంది.

"నువ్వూరుకోమ్మా, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం."

షాపులో ఇంకో ఇద్దరు పిల్లలు, వాళ్ళ నాన్నలు ఉన్నారు. వాళ్ళందరి ముందూ నా మేనకోడలు అబద్ధాలకోరు అయిపోయింది. అది మాట్లాడలేదు, ఆ ముక్క వైపే చూస్తూ నిలబడింది. అప్పుడు నేను విరిగిన కొస అతని మొహం ముందు పెట్టి, కార్బన్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. ఏమన్నాడో తెలుసా? "కార్బన్ అంటే నల్లగానే ఉండాలని లేదండీ, ఇది ఇంపోర్టెడ్ వైట్ కార్బన్" అన్నాడు.

రోజూ రెసిన్‌లో చేతులు పెట్టేవాడితో అంటున్నానని కూడా అతనికి పట్టలేదు. కార్బన్ ఫైబర్ నల్లగా తప్ప ఇంకో రంగులో ఉండదండి. పైన ఏ రంగు వేసినా లోపలి పోగు నలుపే. తెల్లగా ఉండేది గ్లాస్. పసుపుపచ్చగా ఉంటే అరామిడ్, కెవ్లార్ అని అమ్మేది అదే. తెల్ల కార్బన్ ఫైబర్ అనేది ఎక్కడా లేదు.

చివర్లో షాపు కుర్రాణ్ణి పిలిచి "దీనికి గమ్ము పెట్టి ఇచ్చెయ్, పట్టుకెళ్తారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గట్టి బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది, దాన్ని పూర్తి బలంతో కొట్టే షాఫ్ట్‌ని గమ్ముతో అతికించి పిల్లల మధ్యకి పంపుతాడా? అతని పిల్లలైతే పంపుతాడా? ఆ మాటే అడిగాను. "నచ్చకపోతే ఎక్కడైనా చెప్పుకోండి" అన్నాడు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

నా మాట ఒక్కటే నమ్మమనను. కోచ్ గారి దగ్గర పాతది, నిజమైన కార్బన్ స్టిక్ విరిగిన ముక్క ఒకటి ఉంటే తెచ్చాను. బోటు ఇంజిన్ వైరింగ్ చూసుకునే మల్టీమీటరు రెండింటి మీదా పెట్టాను. కార్బన్‌లో కరెంటు పారుతుంది, గ్లాస్‌లో పారదు. కోచ్ గారి ముక్క కొస గీకి పెట్టగానే బజర్ మోగింది. మాది ఎన్నిచోట్ల గీకి పెట్టినా మోగలేదు. తర్వాత చిన్న పెచ్చు మంటలో పెట్టాను, రెసిన్ పొగలొచ్చి కాలిపోయింది, తెల్ల గుడ్డలాంటి గ్లాస్ మిగిలింది. ఆ పని ఇంట్లో ఎవరూ చెయ్యకండి, ఆ పొగ మంచిది కాదు, నేను షెడ్డు బయట చేశాను. అన్నీ వీడియో తీసి పెట్టుకున్నాను.

ఇంకో సంగతి ఇప్పుడే తెలిసింది, చాలామందికి తెలియదనుకుంటాను. హాకీ నియమాల్లో స్టిక్ పొడవు 105 సెంటీమీటర్లు మించకూడదని ఉంది, బరువు 737 గ్రాములు మించకూడదని ఉంది, వంపు 25 మిల్లీమీటర్లు దాటకూడదని, స్టిక్ 51 మిల్లీమీటర్ల రింగులోంచి దూరాలని ఉంది, లోహం వాడకూడదని ఉంది. కార్బన్ ఎంత శాతమో ఎలా లెక్కగట్టాలన్నది మాత్రం ఆ నియమాల్లో లేదు. కాబట్టి షాఫ్ట్ మీది అంకెని బట్టి ఒక కంపెనీ స్టిక్‌ని ఇంకో కంపెనీ స్టిక్‌తో పోల్చలేం. ఒకే కంపెనీ వాటిలో ఏది గట్టిది, ఏది మెత్తన అని చూసుకోవడానికి పనికొస్తుంది, అంతే. మా స్టిక్ మీద పేరు పెద్ద కంపెనీదే. వాళ్ళే చేశారో, వాళ్ళ పేరు అంటించి ఇంకెవరో చేశారో ఇంకా తేలలేదు, అందుకే ఆ పేరూ రాయడం లేదు.

గ్లాస్ ఫైబర్ చెడ్డదని నేను అనడం లేదు, సముద్రం మీదికి మనుషుల్ని తీసుకెళ్ళే బోట్లు దానితోనే చేస్తున్నాం. కొత్తగా నేర్చుకునే పిల్లలకి గ్లాస్ స్టిక్కే మేలు, బంతి ఆపినప్పుడు చేతికి అదురు తక్కువ, ధరా తక్కువ. కార్బన్ పెరిగేకొద్దీ షాఫ్ట్ బిగుసుకుంటుంది, హిట్‌కి బలం వస్తుంది, కానీ పక్కనుంచి ఇంకో స్టిక్ గట్టిగా తగిలితే ఎక్కువ కార్బన్ ఉన్నది పెళుసుగా పగిలే అవకాశం ఉంది. డిఫెండర్ల స్టిక్కులకి ఆ దెబ్బలే ఎక్కువ. కోచ్ గారు చెప్పిన 50, 60 శాతం, దానిలో కాస్త అరామిడ్ కలిసి ఉన్నది అయితే మన్నుతుంది, జేబుకీ తట్టుకోగలం. పోయిన ఏడాది మోడల్ అయితే ఇంకా తగ్గుతుంది, రంగులు మారతాయి తప్ప షాఫ్ట్ చాలావరకు అదే ఉంటుంది. నిజానికి మన్నిక షాఫ్ట్ గోడ సమానంగా ఉందా, రెసిన్ పోగులకి పూర్తిగా పట్టిందా అన్నదాన్ని బట్టే ఉంటుంది. శాతం తర్వాతి మాట.

స్టిక్ విరగ్గొట్టకుండానే ఆ సంగతి తెలుసుకోవాలంటే, గ్రిప్ చివర రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని స్టిక్ వేలాడదీయండి. రూపాయి బిళ్ళతో గ్రిప్ కింద నుంచి హెడ్ దాకా అంగుళం అంగుళం తట్టుకుంటూ రండి, నాలుగు వైపులా. శబ్దం కిందికి వచ్చేకొద్దీ మెల్లిగా మారాలి. ఒక్కచోట హఠాత్తుగా మొద్దుగా, చచ్చిన శబ్దం వస్తే లోపల పొర విడిపోయిందనో గాలి ఉందనో అర్థం. బోటు అడుగుని మేం పరీక్షించేది ఇలాగే. గ్రిప్ విప్పి చూడనివ్వమనండి, పగుళ్ళు దాచేది దాని కిందే. విప్పనివ్వకపోతే కొనకండి. కొన్నాక ఎండలో కారు డిక్కీలో వదిలెయ్యకండి, ఆ వేడికి రెసిన్ మెత్తబడుతుంది.

బిల్లు తీసుకోండి, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్ అయిన షాపు నంబరు 37తో మొదలవుతుంది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతులే. వెనక్కి ఇవ్వడానికి గడువు రాసి లేకపోతే 30 రోజులు. షాపులో "అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు" అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. బిల్లు లేకపోయినా ఫోన్‌పే రికార్డు, వాట్సాప్ మాటలు సాక్ష్యాలుగా పనికొస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి.

డబ్బు వస్తుందో రాదో తర్వాత చూద్దాం. ఇప్పుడు మా పిల్ల స్నేహితురాలి స్టిక్‌తో ప్రాక్టీసుకి వెళ్తోంది. ఇదివరకు ఎంత గట్టిగా కొట్టేదో చూసినవాళ్ళకి తెలుసు. ఇప్పుడు హిట్‌కి స్టిక్ ఎత్తగానే పక్కన ఎవరున్నారో చూసి ఆగిపోతోంది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళి ఇండియాకి గోల్‌కీపరుగా ఆడిన రజని గారి గురించి రోజూ చెప్పే పిల్ల, ఇంట్లో హాకీ ఊసే ఎత్తడం లేదు. ఆ చీటీ డబ్బుకి లెక్క అడగొచ్చు, దీనికి ఎవర్ని అడగాలి? అంతమంది ముందు "నువ్వూరుకోమ్మా" అన్నందుకు అతను దానికి క్షమాపణ చెప్పాలి. నాకు కాదు, దానికి. డబ్బు తిరిగిచ్చినా ఆ మాట చెప్పేదాకా ఫిర్యాదు వెనక్కి తీసుకోను.

ఇదే సరుకు ఈ సీజన్లో ఇంకా చాలామంది కొన్నారని తెలిసింది. నలుపు షాఫ్ట్, గ్రిప్ కింద ఎర్ర గీత, వెండి రంగులో 95. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఆదివారం మ్యాచ్‌కి పంపే ముందు బిళ్ళతో తట్టి చూడండి. అనుమానం వస్తే పిల్లల చేతికి ఇవ్వకండి. కాకినాడ వాళ్ళు నాకు మెసేజ్ పెట్టి సాయంత్రం షెడ్డుకి తెండి, చూసి చెబుతాను, డబ్బు తీసుకోను. ఇప్పటికే విరిగి ఉంటే ముక్కలు పారెయ్యకండి, అతికించకండి, ఒక సంచిలో వేసి ఉంచండి. ఫిర్యాదుతో పాటు అవన్నీ చూపించాలి.