పాత సీసాల గాజుతో ఊదిన గ్లాసులు: కొన్నేళ్లు వాడాక

పాత సీసాలు కరిగించి, గొట్టంతో ఊది చేసిన నీళ్ల గ్లాసుల సెట్టు, అదే పనివాడు చేసిన జగ్గు మా ఇంట్లో కొన్నేళ్లుగా రోజూ వాడకంలో ఉన్నాయి. షోకేసులో దాచినవి కావు, రోజూ సింకులో పడే సామానే. అందుకే అందం గురించి తక్కువ, వాడకం గురించి ఎక్కువ చెప్తాను.

ఫ్యాక్టరీ గ్లాసు అలవాటైన చేతికి ఇవి మొదట్లో మొద్దుగా, బరువుగా అనిపిస్తాయి. ఇది పనితనం లోపం కాదు. సీసాల గాజు మెషీన్ల కోసం తయారైనది. అచ్చులో పడగానే చప్పున బిగుసుకునేలా దాని పాళ్లు ఉంటాయి. చేత్తో ఊదేవాడికి అదే ఇబ్బంది. సాగదీసేలోపే గట్టిపడుతుంది, మాటిమాటికీ కొలిమిలో పెట్టి వేడి చేసుకోవాలి. పల్చటి గోడలు, సన్నటి కాడలు ఈ గాజులో అరుదుగా కనిపించేది అందుకే. నాకైతే ఆ మందమే నచ్చింది. పిల్లలు టేబుల్ మీద ఠపీమని పెట్టినా తట్టుకున్నాయి.

వేడి దగ్గర మాత్రం ఆ మందమే కొంప ముంచుతుంది. ఇదీ మామూలు సోడా-లైమ్ గాజే. ఓవెన్‌లో పెట్టే బోరోసిలికేట్ గాజుతో పోలిస్తే వేడికి దాదాపు 3 రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. మరిగే నీళ్లు పోస్తే లోపలి వైపు వెంటనే వ్యాకోచిస్తుంది, బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. గోడ ఎంత మందమైతే ఆ లాగుడు అంత ఎక్కువ. మా ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన సలసల కాగే నీళ్లు పోసుకుంటే ఒక గ్లాసు అడుగు గుండ్రంగా ఊడి వచ్చేసింది.

బుడగలు ఉంటేనే రీసైకిల్ గాజు అని అమ్మేవాళ్లు అంటారు. నమ్మకండి. కొత్త గాజులోనూ కావాలని బుడగలు తెప్పించవచ్చు, సీసాల గాజును బాగా కరిగించి తగినంత సేపు ఉంచితే బుడగలు చాలావరకు పైకి తేలి పోతాయి. లేతాకుపచ్చ ఛాయ వచ్చేది ఇనుము వల్ల, అదీ రుజువు కాదు. బుడగలు లెక్కపెట్టే బదులు అంచు మీద వేలు తిప్పి చూడండి. అక్కడ పగిలిన బుడగ ఉంటే పెదవికి గీరుకుంటుంది. తర్వాత బోర్లించి అడుగు చూడండి. అంచు తీర్చేటప్పుడు గ్లాసును అడుగున అతికించి పట్టుకునే ఇనుప కడ్డీ నుంచి చివర్లో విరిచిన మచ్చ నున్నగా అరగదీసి ఉండాలి, లేదంటే టేబుల్ మీద గీతలు పడతాయి.

కంటికి కనిపించనిది ఒకటుంది. ఊదిన వస్తువును సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొంతసేపు ఉంచి నెమ్మదిగా చల్లార్చాలి. ఆ పని తొందరపడి చేస్తే, లేదా రకరకాల గాజులు కలిపి కరిగిస్తే, ఎవరూ ముట్టుకోకపోయినా ఎప్పుడో ఒకరోజు నెర్రె కొట్టవచ్చు. చేసినవాడినే అడగండి. నిజంగా పని తెలిసినవాడైతే ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు!

రెండు గ్లాసుల కొలత ఒకేలా ఉండదు కాబట్టి ఒకదాంట్లో ఒకటి పెట్టకండి, బిగుసుకుపోతాయి. పాత్రలు కడిగే మెషీన్ వద్దు. ఉప్పునీళ్ల మరక వెనిగర్‌తో పోతుంది కానీ, మెషీన్‌లో గాజు పైపొర కొరుక్కుపోయి వచ్చిన మసక ఇక పోదు.

మళ్లీ కొంటే గ్లాసులే కొంటాను. జగ్గు వద్దు. నిండా నీళ్లుంటే ఒంటిచేత్తో ఎత్తలేం, మొత్తం బరువు పిడి అతుకు మీదే పడుతుంది, పైగా వంచిన ప్రతిసారీ మూతి కింద నుంచి కారుతుంది. ప్రస్తుతం అందులో గరిటెలు పెడుతున్నాం.