మా పూజ అరను ఫ్రెంచ్ క్లీట్ మోస్తోంది

ఫ్రెంచ్ క్లీట్ అంటే ఏటవాలుగా కోసిన రెండు చెక్క పట్టీలు. వాటిని నేనింతగా మెచ్చుకుంటానని అనుకోలేదు. టెక్సస్‌లోని మా ఇంట్లో టేకు పూజ అరను, దాని మీది పంచలోహ విగ్రహాలను, ఇత్తడి కుందులను కొన్నేళ్లుగా మోస్తున్నవి అవే.

మొదట అర బిగించడానికి వచ్చిన మనిషి పెట్టెలో ఇచ్చిన ప్లాస్టిక్ యాంకర్లే (స్క్రూ పట్టుకోవడానికి గోడ రంధ్రంలో దూర్చే గొట్టాలు) వాడాడు. యాభై పౌన్లు ఆగుతాయని పెట్టె మీద ఉందిగా అన్నాడు. కానీ మా గోడ డ్రైవాల్‌ది. డ్రైవాల్ అంటే రెండు కాగితాల మధ్య అరంగుళం జిప్సం, అంతే. పైగా అర ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి బరువు కిందికి లాగడంతో ఆగదు, పై స్క్రూను గోడలోంచి బయటికి పీకుతుంది. ముందు గోరు పట్టేంత సందు కనిపించింది. తర్వాత తెల్లటి పొడి రాలడం మొదలైంది. ఒక శుక్రవారం దీపం పెట్టబోతూ మా అత్తగారు "ఇదేంటమ్మా, అర ఒరిగింది!" అని కేకేశారు. విగ్రహాలు దించుతుండగానే ఎడమ యాంకర్ గోడ పెచ్చుతో సహా ఊడొచ్చింది. దీపం వెలిగించాక జరిగి ఉంటే? ఆ భయం నన్నింకా వదల్లేదు.

క్లీట్‌లో కిటుకంతా ఆ 45 డిగ్రీల కోతే. ఒక పట్టీ గోడకు, రెండోది తలకిందులుగా అర వెనక పలకకు. బరువు పడేకొద్దీ పై అంచు గోడకే హత్తుకుంటుంది. గోడ పట్టీని మాత్రం గోడ లోపల నిలువుగా ఉండే చెక్క కమ్మీలకే, అంటే స్టడ్‌లకే బిగించాలి. మా గోడలో అవి 16 అంగుళాలకొకటి ఉన్నాయి, వెడల్పు ఒకటిన్నర అంగుళమే. గోడ మీద అయస్కాంతం జరుపుతూ పోతే డ్రైవాల్ స్క్రూల దగ్గర అంటుకుంటుంది, ఆ నిలువు వరసే స్టడ్. బరువు మోయడానికి చేసిన మూడంగుళాల స్ట్రక్చరల్ స్క్రూలు వాడాం. నల్లటి డ్రైవాల్ స్క్రూలు పెళుసు, ఈ పనికి వద్దు. అర కింది అంచు వెనక కూడా గోడ పట్టీ అంత మందం చెక్క పెట్టకపోతే అర వాలుతుంది.

కిందికి ఎంత లాగినా కదలదు గానీ, కింద నుంచి ఎత్తితే క్లీట్ సులువుగా ఊడొస్తుంది. పిల్లలున్న ఇల్లు కదా, అందుకే కింది చెక్కలోకి ఒక స్క్రూ వేసి కట్టేశాం.

మాది సొంతిల్లు, అర నాలుగడుగులది, మూడు స్టడ్‌లు దొరికాయి. స్టడ్‌లు 24 అంగుళాలకొకటి ఉన్న గోడకు చిన్న అర పెట్టాలంటే ఒక్కటే దొరకొచ్చు. అప్పుడు రెండో కొసకు డ్రైవాల్ వెనక రెక్కలు విచ్చుకుని పట్టుకునే లోహపు టాగుల్ బోల్టు వేస్తాను, కానీ దాని మీద పటాలే పెడతాను, విగ్రహాలు పెట్టను.