గుర్రంతో ఇంగ్లిష్ ఛానెల్ దాటడం: ఏడు ప్రయాణాల తర్వాత

మా అమ్మాయి ఈవెంటింగ్ అనే గుర్రపుస్వారీ పోటీలు చేస్తుంది. డ్రెస్సేజ్ (లెక్క ప్రకారం అడుగులు వేయించడం), క్రాస్ కంట్రీ (బయలులో అడ్డంకులు దూకుతూ పరుగు), షో జంపింగ్ (మైదానంలో కర్రలు దూకించడం), మూడూ ఒకే గుర్రం మీద. మేముండేది ఇంగ్లండ్‌లో, గ్లోస్టర్‌షైర్‌లో. 2019 నుంచి ఇప్పటిదాకా మా ఆడగుర్రాన్ని ఏడుసార్లు ఫ్రాన్స్ తీసుకెళ్లి తీసుకొచ్చాం. ఒక్కసారి తప్ప బండి నడిపేది నేనే, గడ్డి వేసేది నేనే, లద్ది ఎత్తేదీ నేనే. వెళ్లొచ్చా అని అడిగితే, వెళ్లండి అనే చెప్తాను. కాకపోతే పోటీ డ్రెస్సేజ్ రోజున మొదలవుతుందనుకోవద్దు. గుర్రాన్ని బండి ఎక్కించిన రోజే మొదలైపోతుంది.

ఆ సంగతి మాకు మొదటి ప్రయాణంలోనే తెలిసొచ్చింది. 2019 ఆగస్టు, నార్మండీలోని ఆరా ద్యు పాన్. 300 ఏళ్ల నాటి గుర్రాల పెంపక కేంద్రం అది. 2014 ప్రపంచ పోటీల్లో ఈవెంటింగ్ డ్రెస్సేజ్, క్రాస్ కంట్రీ అక్కడే జరిగాయి, 2023 యూరోపియన్ ఛాంపియన్‌షిప్ కూడా అక్కడే. ఆ పచ్చిక, ఆ ఎత్తుపల్లాలు చూసి అమ్మాయి పొంగిపోయింది. నా కళ్లు మాత్రం బకెట్ మీదే ఉన్నాయి. సాయంత్రం పెట్టిన నీళ్లు పొద్దున దాకా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఊరి నీళ్ల వాసన మారేసరికి గుర్రం మూతి పెట్టి, పెదవి తడుపుకుని, తల తిప్పేసుకుంది. మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోలేదు. చిగుళ్లు వేలికి జిగటగా తగిలాయి. లద్ది చిన్న చిన్న గట్టి ఉండల్లా పడింది. పోటీ దగ్గరి వెట్ (పశువైద్యులు) వచ్చి పొట్టకు స్టెతస్కోప్ పెట్టి, కుడివైపు పేగుల చప్పుడు దాదాపు లేదన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి నీళ్లు పట్టించారు. కడుపునొప్పి ముదరకుండా బయటపడ్డాం. పోటీ వదులుకుని ఇంటికొచ్చాం.

అప్పటి నుంచి ప్రయాణానికి రెండు వారాల ముందే ఇంటి దగ్గర నీళ్లలో కాస్త ఆపిల్ జ్యూస్ కలిపి అలవాటు చేస్తున్నాం. అక్కడికి వెళ్లాక అదే జ్యూస్ కలిపితే ఏ ఊరి నీళ్లయినా ఒకటే రుచి. ఎండుగడ్డి నానబెట్టి పెడతాం. మన దగ్గర గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టి పెట్టినట్టు ఇక్కడ చక్కెర దుంప (బీట్) గుజ్జు నానబెట్టి, జావలా చేసి పెడతారు. దాంతో ఒంట్లోకి చాలా నీళ్లు వెళ్తాయి. ఇంటి నీళ్లు 80 లీటర్లు కూడా మోసుకెళ్తాం.

బండి సంగతి ఇక్కడే వస్తుంది. మొదట మాది 3.5 టన్నుల బండి. కారు లైసెన్సుతో నడపొచ్చు, అందుకే కొన్నాం. కానీ 80 లీటర్ల నీళ్లంటే 80 కిలోలు. గుర్రం 550. జీనులు, గడ్డి మూటలు, డీజిల్, ముగ్గురు మనుషులు ఎక్కేసరికి బరువు హద్దుకు దగ్గరపడుతుంది. బండి బరువు తూచే వేబ్రిడ్జి మీద నిలబెడతారేమోనని దారంతా టెన్షన్. మూడో ప్రయాణం తర్వాత 7.5 టన్నుల బండి తీసుకున్నాం. దానికి సి1 లైసెన్సు కావాలి. మెడికల్, థియరీ, డ్రైవింగ్ పరీక్ష అన్నీ పాసయ్యాకే నడిపాను. పాత బండిలో గుర్రం వెనక్కి తిరిగి నిలబడేది, ఇందులో ఏటవాలుగా నిలబడుతుంది. మాది వెనక్కి తిరిగి ఉన్నప్పుడే తక్కువ చెమట పట్టి దిగేది, అది నిజం. అయినా గాలి, జాగా, బరువు చూసుకుంటే దూరాలకు పెద్ద బండే మేలు. ఫ్రాన్స్‌లో 3.5 టన్నులు దాటిన బండ్లకు 2021 నుంచి బ్లైండ్ స్పాట్ (డ్రైవరుకు కనపడని చోటు) స్టిక్కర్లు తప్పనిసరి. మర్చిపోకండి.

ఆ మూడో ప్రయాణంలో నాకు సెలవు దొరక్క గుర్రాన్ని అద్దె బండిలో పంపాను. పగ్గం పొట్టిగా కట్టారు. తల దించడానికి వీల్లేకపోతే లోపలికి పోయిన దుమ్ము, కఫం బయటికి రావు, ఊపిరితిత్తుల్లోకి దిగి జ్వరం పట్టుకుంటుంది. దిగేసరికి ముక్కు కారుతోంది, మర్నాటికి 39 డిగ్రీలు. మామూలుగా గుర్రానికి 37.5 నుంచి 38.5 ఉండాలి. ఇప్పుడు నాలుగు గంటలకోసారి ఆగుతాం. పగ్గం వదులు చేసి, గడ్డి కింద పెట్టి, అరగంట తల దించుకుని తిననిస్తాం. పొద్దున, సాయంత్రం టెంపరేచర్ రాసుకుంటాం. 2021లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో గుర్రాలకు హెర్పిస్ వైరస్ సోకి యూరప్ పోటీలు ఆగిపోయాక, ఆరోగ్య వివరాలను ఎఫ్ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) హార్స్ యాప్‌లో పెట్టడం అలవాటైంది.

కాగితాలు వేరే గోల. బ్రిటన్, ఐర్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న త్రైపాక్షిక ఒప్పందం వల్ల 2020 చివరి దాకా పని తేలిక. ఇప్పుడు రక్త పరీక్ష, ప్రభుత్వ గుర్తింపున్న వెట్ ఇచ్చే ఎగుమతి ఆరోగ్య పత్రం, గుర్రానికీ జీనుకీ ఏటీఏ కార్నె (సుంకం లేకుండా తాత్కాలికంగా తీసుకెళ్లే కస్టమ్స్ పత్రం), ఫ్రాన్స్ వైపు కలే రేవులో తనిఖీ. ఫెర్రీ టికెట్ కన్నా కాగితాల ఖర్చే ఎక్కువ. ఫ్లూ టీకా ఆరు నెలల 21 రోజుల్లోపు వేయించి ఉండాలి, అక్కడికి చేరే ముందు ఏడు రోజుల్లో వేయించకూడదు. నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే కాబట్టి నాకు షెంగెన్ వీసా కూడా కావాలి. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం, వసంతంలోనే చూసుకోండి.

ఒకసారి కలేలో ఆపేశారు. "నాన్నా, ఇటు చూడు, చివర్లో 9 ఉండాలి, 6 అని పడింది" అంది అమ్మాయి. గుర్రం మెడలో ఉండే గుర్తింపు మైక్రోచిప్‌లో 15 అంకెలు. పత్రంలో ఒక్కటి తప్పు పడింది. సరిచేసిన పత్రం వచ్చేసరికి ఐదు గంటలు పట్టింది. అంతసేపూ గుర్రం కొత్త శాలలో చెవులు నిక్కబొడుచుకుని, గడ్డి ముట్టకుండా తలుపు వైపే చూస్తూ నిలబడింది. ఇప్పుడు బయలుదేరే ముందు అమ్మాయి స్కానర్‌తో చిప్ చదువుతుంది, మా ఆవిడ గుర్రం పాస్‌పోర్టు చూస్తుంది, నేను పత్రం చూస్తాను. ఒక్కో అంకె పైకి చదువుకుంటాం.

హైదరాబాద్‌లో స్వారీ నేర్చుకునే మా చుట్టాల పిల్లలు, ఇండియా నుంచి గుర్రాన్ని ఇక్కడికి తేవచ్చా అని అడుగుతారు. వ్యాధుల నిబంధనల వల్ల అది చాలా కష్టంగా ఉండేది. టోక్యో ఒలింపిక్స్ ఈవెంటింగ్‌లో సెన్యోర్ మెడికాట్ అనే గుర్రం మీద 23వ స్థానంలో నిలిచిన మన రైడర్ ఫవాద్ మీర్జా కూడా జర్మనీలో ఉండే శిక్షణ పొందాడు. 2025 జూలైలో మీరట్ ఆర్మీ కేంద్రానికి వ్యాధిరహిత ప్రాంతంగా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. మనసు నిండా సంతోషించాను. ప్రస్తుతానికి మాత్రం ఇక్కడే గుర్రాన్ని లీజుకు తీసుకోమని చెప్తున్నాను.

నాకింకా అలవాటు కానిది ఫెర్రీ. డోవర్ నుంచి కలేకి 90 నిమిషాలు బండి దగ్గర ఉండనివ్వరు. పైన కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంటాను కానీ తాగబుద్ధి కాదు. పిలుపు రాగానే మెట్లు దిగి పరుగెత్తుతాను. తలుపు తీయగానే గుర్రం చిన్నగా సకిలిస్తే అప్పుడు ఊపిరి పీల్చుకుంటాను. ఈసారి ఆరా ద్యు పాన్‌లో దిగిన గంటకే సగం బకెట్ తాగింది. పోటీ ముందు వెట్ ఎదుట నడిపించే తనిఖీలో తేలిగ్గా పరుగు తీసింది, క్రాస్ కంట్రీ తప్పుల్లేకుండా పూర్తిచేసింది.

వచ్చే ఏడాదికి దానికి 16 వస్తాయి. పోలండ్‌లోని స్ట్షెగోమ్‌లో పోటీకి వెళ్దామంటోంది అమ్మాయి. కలే దాటాక రెండు రోజుల దారి. ఈ వయసులో దాన్ని అంత దూరం నిలబెట్టి తీసుకెళ్లనని చెప్పేశాను. ఫ్రాన్స్‌కైతే టీకా తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టాను.