కొచ్చి యూదుల సమాజమందిరం: శుక్ర, శనివారాలు వెళ్ళకండి

మాకు కొచ్చి ప్యాకేజీ అమ్మినాయన శుక్రవారం సాయంత్రం మట్టాంచేరిలో యూదుల సమాజమందిరం, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరం, చూపిస్తానని కాగితం మీద రాసిచ్చాడు. ఆ మందిరం శుక్రవారం సందర్శకులకు తెరవరు. శనివారం కూడా తెరవరు. శుక్రవారం పొద్దు గుంకగానే వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతుంది, శనివారం చీకటి పడేదాకా ఉంటుంది. పక్కనే ఉన్న డచ్ ప్యాలెస్‌కూ శుక్రవారమే సెలవు. నలుగురి దగ్గర 26,500 రూపాయలు తీసుకున్న మనిషికి ఈ మాత్రం తెలియకపోతే ఎలా? మే నెల ఎండలో, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యతో, తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డాం.

ఈ యాత్రే అత్తయ్య కోసం పెట్టుకున్నది. ఆవిడ పుట్టిల్లు చేబ్రోలు దగ్గర. అక్కడి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి, తమని బెనే ఎఫ్రాయిం అంటారు. చిన్నప్పటి నుంచీ బైబిల్లో చదువుతున్న సమాజమందిరాన్ని ఒక్కసారైనా కళ్ళతో చూడాలని ఆవిడకి ఎంతో ఆశ. గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన దగ్గర్నుంచి అదే మాట. ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు. "పోనీలే అమ్మాయ్, విశ్రాంతి దినం మంచిదేగా" అని ఆటో ఎక్కేసింది. ఆవిడ నిష్ఠూరమాడి ఉంటేనే నాకు తేలిగ్గా ఉండేది.

ఆదివారం రైలు రద్దు చేసుకుని తత్కాల్‌లో సోమవారానికి మార్చుకున్నాం. టికెట్ల మీద నష్టం 1,140. ఫోర్ట్ కొచ్చిలో మేమున్న హోమ్‌స్టే వాళ్ళు మంచివాళ్ళు, ఇంకో రాత్రికి రెండు గదులు 1,800 చొప్పున ఇచ్చారు. తిండికీ ఆటోలకీ ఇంకో 1,260. మొత్తం 6,000 రూపాయలు, ఒక్క తప్పు తేదీ వల్ల. శనివారం కొచ్చికి దగ్గర్లోని పరవూరు వెళ్ళి అక్కడ మ్యూజియంగా మార్చిన పాత సమాజమందిరం చూశాం. బాగుంది, ఎవరూ తొందరపెట్టరు.

ఆదివారం పది గంటలకే మందిరం ఉండే జ్యూ టౌన్‌లో ఉన్నాం. గేటు దగ్గర మా వారినీ మా అమ్మాయినీ ఆపారు. ఆయన మోకాళ్ళ పైకుండే షార్ట్స్ వేసుకున్నారు, పిల్ల చేతుల్లేని టాప్ వేసుకుంది. ఆపిన పెద్దాయన కసురుకోలేదు, భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని రమ్మని నెమ్మదిగా చెప్పాడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా ఈ సంగతి ముందే చెప్పని ప్యాకేజీ వాళ్ళ మీదా, అదే వీధిలో మా ముఖాలు చూసి ధర పెంచిన బట్టల కొట్టు మీదా. మామూలు లుంగీ 280, పల్చటి శాలువా 450 అన్నాడు. బేరమాడితే రెండూ కలిపి 520కి ఇచ్చాడు. గుంటూరులో ఆ డబ్బుకి అలాంటివి మూడు జతలొస్తాయి. దయచేసి ఇంటి దగ్గరే ఒక చున్నీ, ఒక పంచె సంచిలో పెట్టుకోండి.

అమ్మాయికి కోపమొచ్చింది. "ఎక్కడికెళ్ళినా ఆడపిల్లల బట్టల మీదే ఎందుకు పడతారు?" అంది. వాళ్ళ నాన్నని కూడా ఆపారుగా అంటే, "నాన్నకి ఇదొక్కచోటే, నాకు అన్ని చోట్లా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకని నాకు తెలిసింది చెప్పాను. న్యూజెర్సీలో మూడేళ్ళున్నప్పుడు మా టీమ్‌లో ఒక ఆర్థడాక్స్ యూదు ఆవిడ, అంటే మత నియమాలు కచ్చితంగా పాటించే ఆవిడ, ఉండేది. జూలై ఎండలో కూడా మోచేతులు దాటే చేతులు, మెడ ఎముక కనపడని జాకెట్టు, మోకాలు దాటే స్కర్టు. పెళ్ళైన స్త్రీ కనుక జుట్టు మీద విగ్గు పెట్టుకునేది, కొందరైతే గుడ్డ చుట్టుకుంటారట. వాళ్ళు దాన్ని త్స్నియూత్ అంటారు, అంటే అణకువ. ఆ మాట బట్టల కొలతకే కాదు, మాటకీ నడతకీ వర్తిస్తుందని, మగవాళ్ళకీ ఉందని చెప్పేది. మీకా గ్రంథంలో "దీనమనస్సు కలిగి నీ దేవుని యెదుట ప్రవర్తించుట" అని మనం చదువుతామే, హీబ్రూలో అక్కడున్నదీ ఆ ధాతువు నుంచి వచ్చిన మాటే. అది విని అత్తయ్య "అయితే అణకువ లేదని మీ అమ్మ నిన్ను తిట్టే మాటే" అని మనవరాలి భుజం మీద శాలువా సర్దింది. పిల్ల నవ్వలేదు కానీ, శాలువా తియ్యలేదు.

టికెట్ మనిషికి 10 రూపాయలు. బయట చెప్పులు విడవాలి. చెప్పులు విప్పాలనగానే అత్తయ్య ముఖం వెలిగిపోయింది. మా చర్చిలోనూ గుమ్మం బయటే చెప్పులు విడుస్తాం. "నీ పాదములనుండి నీ చెప్పులు విడువుము, నీవు నిలిచియున్న స్థలము పరిశుద్ధ ప్రదేశము" అని మండుతున్న పొద దగ్గర మోషేతో దేవుడన్న మాట గట్టిగానే చెప్పుకుంటూ లోపలికి నడిచింది.

నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే సంగతి. న్యూజెర్సీలో ఆ స్నేహితురాలి కొడుకు బార్ మిత్జ్వాకి, అంటే పదమూడేళ్ళు నిండిన పిల్లాడికి సమాజమందిరంలో చేసే వేడుకకి, వెళ్ళినప్పుడు నేను అలవాటుగా గుమ్మం దగ్గర చెప్పుల పట్టీ విప్పబోయాను. ఆవిడ చెయ్యి పట్టుకుని, మా దగ్గర విప్పరు అంది. లోపల అందరూ బూట్లతోనే ఉన్నారు. యెరూషలేములో దేవాలయం ఉన్న రోజుల్లో ఆ కొండ మీదికి చేతికర్రతో, చెప్పులతో, డబ్బు సంచితో, పాదాల మీద దుమ్ముతో వెళ్ళకూడదని యూదుల పాత ధర్మనియమాల గ్రంథం మిష్నా చెబుతుంది. యాజకులు వట్టి కాళ్ళతోనే సేవ చేసేవారు. క్రీ.శ. 70లో దేవాలయం కూలిపోయింది. సమాజమందిరంలో మాత్రం ఇంట్లో తిరిగినట్టే చెప్పులతో ఉండొచ్చు. ఇప్పటికీ యాజకుల వంశం వాళ్ళు జనాన్ని దీవించే ముందు బూట్లు విప్పుతారు. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు, దేవాలయాలు కూలిన దుఃఖదినం తిషా బాఅవ్ నాడు తోలు చెప్పులు వెయ్యరు. సూటు కింద గుడ్డ బూట్లు వేసుకుని వెళ్ళేవాళ్ళని నేను చూశాను.

మరి కొచ్చిలో అందరూ చెప్పులెందుకు విప్పుతారు? 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ ఒక నియమం రాశాడు. పెద్దల ముందు వట్టి కాళ్ళతో నిలబడని చోట ప్రార్థనలోనూ అలా నిలబడకూడదని. అంటే ఆ ఊరి మర్యాదే కొలత. మన దేశంలో ఆ మర్యాద తిరగబడింది, పెద్దల ముందు చెప్పులతో నిలబడడమే తప్పు. పైగా ఈ మందిరం రాజుగారి భవనాన్ని, అదే ఆ డచ్ ప్యాలెస్‌ని, ఆనుకుని ఉంది, ఆ ఆవరణలోనే పళయన్నూర్ భగవతి గుడి. అందరూ చెప్పులు బయట విడిచే చోట ఉండి వీళ్ళు మాత్రం ఎలా తొక్కుకుంటూ వెళ్తారు? నాకు అర్థమైనంతలో ఇదే కారణం. ఇక్కడి యూదు స్త్రీలు కూడా ఒకప్పుడు కేరళ ఆడవాళ్ళలాగే నడుముకి పంచెలా చుట్టే ముండు, వదులు రవిక కట్టేవారు. ఒళ్ళు కప్పుకోవాలన్న నియమం వాళ్ళది, కప్పుకునే బట్ట ఈ నేలది. 1950ల్లో చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు.

లోపల నేల గురించి ఎంత చెప్పినా తక్కువే. మందిరం 1568 నాటిది. 18వ శతాబ్దంలో చైనా నుంచి తెప్పించిన తెల్లటి పలకలు, వాటి మీద చేత్తో నీలిరంగులో గీసిన చెట్లూ వంతెనలూ. వెయ్యికి పైగా ఉన్నాయి, ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. బయట వీధి రాళ్ళు పెనంలా కాలుతున్నాయి, లోపల పాదం పెట్టగానే చల్లగా తగిలాయి. చెప్పులుంటే ఈ చల్లదనం తెలిసేదే కాదు. అమ్మాయి వంగి ఒక్కో పలకా చూస్తూ, ఒకేలా ఉన్న రెండు దొరుకుతాయేమోనని పావుగంట తిరిగింది, అప్పటికి కోపం దిగింది. పైన బెల్జియం గాజు దీపాలు, మధ్యలో ఇత్తడి కమ్మీల వేదిక, మేడ మీద స్త్రీల వైపు ఇంకో వేదిక. ధర్మశాస్త్రపు చుట్టలు దాచిన మందసం తెర వేసి ఉంది. అత్తయ్య దాని ఎదురుగా కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. రెండు రోజులుగా పట్టుకున్న మోకాలి మీది చెయ్యి అప్పుడు తీసేసింది. మేం పిలవలేదు. ఒంటిగంటకి మూసేస్తామని వాళ్ళు చెప్పేదాకా అక్కడే ఉన్నాం.

తిరుగు దారిలో ఇక్కడి యూదు పెద్దావిడ సారా కోహెన్ కుట్టుపని కొట్టు చూడండి. ఆవిడ 2019లో 96వ ఏట చనిపోయారు, కొట్టుని ఒక ముస్లిం ఆయన ఇప్పటికీ నడుపుతున్నారు. ఫోర్ట్ కొచ్చి నుంచి హైకోర్టు రేవుకి వాటర్ మెట్రో పడవ 40 రూపాయలు, ఏసీ ఉంది, పెద్దవాళ్ళకి హాయి. మందిరం ఆదివారం నుంచి గురువారం దాకా పది నుంచి ఒంటిగంట, మళ్ళీ మూడు నుంచి అయిదు, యూదుల పండగల్లో ఉండదు. ఉదయమే వెళ్ళండి.

ప్యాకేజీ వాళ్ళకి తాళం వేసిన తలుపు ఫోటో పంపి 6,000 అడిగాను. జవాబు లేదు. నిన్న వాళ్ళ జూన్ ప్రకటన వచ్చింది. అందులోనూ యూదుల మందిరం శుక్రవారం సాయంత్రమే ఉంది.