నైరోబీ నుంచి కంపాలాకి రైలు అని ఎవరైనా అమ్మితే కొనకండి

హైదరాబాద్ నుంచి ఉగాండా వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. ఎంటెబ్బే (ఉగాండా విమానాశ్రయం) టికెట్ ఖరీదెక్కువ, కెన్యాలోని నైరోబీ దాకా విమానం, అక్కణ్ణుంచి కంపాలాకి రైలు, అంతా ఒకే ప్యాకేజీ అని ఒక ట్రావెల్ ఏజెంట్ నాకు అంటగట్టాడు. వోచర్ మీద కూడా ట్రైన్ అనే ఉంది.

అలాంటి రైలే లేదు. నైరోబీలో 2017లో మొదలైన కొత్త రైలు వెళ్లేది మొంబాసాకి, అంటే సముద్రం వైపు. కంపాలా ఉన్నది దానికి సరిగ్గా ఎదురు దిక్కున. 2019లో పడమరకి సుస్వా దాకా లైను వేశారు గానీ అది ఉగాండా సరిహద్దుకి చాలా ఇవతల. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి పాత పట్టాలు 1931లోనే కంపాలా చేరాయి (మొదటి భాగం వేసింది మన దేశం నుంచి తీసుకెళ్లిన కూలీలే), కానీ ఇప్పుడు వాటి మీద సరిహద్దు దాటే ప్యాసింజర్ బండి నడవదు.

స్టేషన్ కౌంటర్‌లో వోచర్ చూపిస్తే అక్కడి అమ్మాయి నవ్వాపుకుంది. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే, "ట్రైన్ అంటే బస్సే సార్, సిస్టమ్‌లో అలా పడుతుంది" అన్నాడు. మరి బస్సు టికెట్ ఏదయ్యా అంటే జవాబు లేదు. నా డబ్బుతోనే రాత్రి బస్సెక్కాను. వాపస్ అడిగితే, విమానం ఎక్కారుగా, సర్వీసు వాడుకున్నట్టే అంటున్నాడు!

బస్సు ప్రయాణం మరీ ఘోరమేం కాదు. దాదాపు 650 కిలోమీటర్లు, సాయంత్రం ఎక్కితే మర్నాడు దిగుతాం. మధ్యలో సరిహద్దు ఊరు బుసియాలో నిద్రమొహంతో దిగి స్టాంపులు వేయించుకోవాలి. రెండు దేశాల కౌంటర్లూ ఒకే చోట ఉంటాయి. బస్సు చుట్టూ మూగే డబ్బు మార్చేవాళ్లకి మాత్రం దండం పెట్టేయండి. ఉగాండా నోట్ల సున్నాల్లో లెక్క తప్పడం చాలా తేలిక.

అసలు టెన్షన్ కాగితాలతో. ఈ దారిలో కెన్యాలోకి అడుగుపెట్టడానికి ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి), ఉగాండాకి వేరే ఈ-వీసా కావాలి. కెన్యా, ఉగాండా, రువాండా మూడు దేశాలకీ పనికొచ్చే 100 డాలర్ల ఈస్ట్ ఆఫ్రికా వీసా ఉంది, కానీ ముందు దిగే దేశం దగ్గరే తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన దగ్గరే క్వారంటైన్‌లో పెడతారు. ఇవేవీ ఏజెంట్ నోట రాలేదు.

ఈ ఖర్చులన్నీ కలిపి, ఎంటెబ్బే టికెట్‌తో పోల్చి చూడండి. అక్కణ్ణుంచి కంపాలా 40 కిలోమీటర్లే. ఇలాంటి వోచర్ ఇప్పటికే చేతిలో ఉంటే రైలు నంబరు, స్టేషన్ పేరు రాతపూర్వకంగా అడగండి. చెప్పలేకపోతే విమానం ఎక్కకముందే రద్దు చేయించండి. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా నడుస్తోంది.