తొలి డెర్బీకి బండి కట్టిచ్చిన షెడ్డు

ఓహాయోలో కొలంబస్‌కు గంట ప్రయాణంలో ఉన్న ఒక చిన్న వెల్డింగ్ షెడ్డులో, ఈ ఆగస్టు కౌంటీ జాతర కోసం నా మొదటి డెమోలిషన్ డెర్బీ బండిని కట్టించుకున్నాను. కార్లు ఒకదానినొకటి గుద్దుకుంటూ పోగా, చివరి వరకు కదలగలిగిన బండి గెలిచే పోటీ ఇది. మనవాళ్లలో దీన్ని గ్యాలరీలో కూర్చుని చూసినవారు చాలామందే ఉన్నారు గానీ, బరిలోకి దిగడానికి బండిని ఎలా సిద్ధం చేయించాలో తెలుగులో చెప్పేవారు నాకు దొరకలేదు. అందుకే ఆ షెడ్డు పనితనం గురించి వివరంగా రాస్తున్నాను.

నేను తీసుకెళ్లింది పోలీసులు వాడి వదిలేసిన 2004 ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా. బాడీ కింద విడిగా గట్టి ఛాసిస్ ఉండటం, ఇంజిన్ బలమంతా వెనక చక్రాలకు అందడం వల్ల డెర్బీ ఆడేవారికి ఈ మోడల్ అంటే ఇష్టం. 2011లో తయారీ ఆగిపోయింది కాబట్టి ఒకటి దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది.

బండిని ట్రైలర్ మీద నుంచి దించకముందే యజమాని అడిగింది జాతరవారి రూల్స్ కాగితం. ఛాసిస్‌ను ముందు నుంచి వెనక దాకా వెల్డింగ్ చేయించాలన్నది నా ఆలోచన. ఆయన కాగితం చివరి వరకు చదివి, ఈ జాతరలో తలుపులకు తప్ప ఛాసిస్‌కు వెల్డింగ్ ఒప్పుకోరని, తనిఖీలో పట్టుబడితే ఆడకుండానే ఇంటికి పోవలసి వస్తుందని మొహమాటం లేకుండా చెప్పారు. చేతికి వచ్చే డబ్బును వద్దనుకుని నిజం చెప్పిన మనిషి మీద నాకు అప్పుడే గురి కుదిరింది.

తొలిసారి దిగేవాడికి బండి గట్టిదనం కంటే ముందు ఒంటికి రక్షణ కావాలన్నది ఆయన పద్ధతి. డ్రైవర్ తలుపును గుద్దకూడదన్న నియమం ఉన్నా, బురదలో జారిన బండి ఎటు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ తలుపు బయటివైపు మందపాటి ఇనుప పలకను అతికించారు, సీటు వెనక అడ్డంగా ఒక గొట్టం వేశారు, ఎదుటి బండి బానెట్ లోపలికి దూసుకురాకుండా ముందు అద్దం ఉండే చోట రెండు నిలువు కడ్డీలు బిగించారు. బ్యాటరీని పక్క సీటు ఉండే చోట ఇనుప పెట్టెలో పెట్టి, పైన రబ్బరు పరిచారు. రేడియేటర్‌లోని కూలెంట్ అంతా వంపేసి మంచినీళ్లు పోశారు.

అన్నిటికంటే నాకు నచ్చింది పెట్రోలు ఏర్పాటు. ఈ కారులో అసలు ట్యాంకు వెనక ఇరుసుకు ఆవల ఉంటుంది. డెర్బీలో రేడియేటర్‌ను కాపాడుకోవడానికి వెనక భాగంతోనే గుద్దుతాము కనుక, ఆ ట్యాంకును అక్కడ ఉంచడమంటే నిప్పుతో ఆడుకోవడమే. దాన్ని తీసేసి, వెనక సీటు ఉండిన చోట చిన్న ఇనుప ట్యాంకును పట్టీలతో కట్టి, కొత్త ఎలక్ట్రిక్ పంపు పెట్టారు. తర్వాత డిక్కీలో ఎడమవైపున్న ఒక చిన్న డబ్బీని విప్పి నా అరచేతిలో పెట్టారు. అందులో అయస్కాంతం పట్టి ఉంచే ఒక ఉక్కు గుండు ఉంటుంది. గట్టి కుదుపు తగలగానే గుండు చోటు తప్పి పెట్రోలు పంపుకు కరెంటు ఆగిపోతుంది. ఆయన దాన్ని బల్లకు ఒక్క దెబ్బ కొట్టగానే టక్కుమని పైనున్న బొత్తాం లేచింది, వేలితో నొక్కితే మళ్లీ కూర్చుంది. రోడ్డు మీద మంటల నుంచి కాపాడే ఈ డబ్బీయే డెర్బీలో మొదటి గుద్దుకు ఇంజిన్‌ను ఆపేస్తుంది. దాన్ని తొలగించి, డాష్‌బోర్డు మీద నాకూ, బయటి నుంచి సహాయానికి వచ్చేవారికీ అందేలా ఎర్రరంగు స్విచ్ బిగించారు. తక్కువ ధర చెప్పిన మరో షెడ్డులో ఈ డబ్బీ మాటే ఎత్తలేదు.

లోపం అద్దాల దగ్గర జరిగింది. అద్దమన్నది ముక్క కూడా బండిలో ఉండకూడదని రూల్స్‌లో ఉంది. షెడ్డులోని కుర్రాడు కిటికీ అద్దాలను విప్పకుండా పగలగొట్టడంతో, ఆ పెంకులన్నీ తలుపుల్లోకి రాలాయి. ఆ మీదట తలుపులకు వెల్డింగ్ అయిపోయింది. ఇంటికి తెచ్చి తలుపు తడితే లోపల గలగలమంది. వాక్యూమ్ గొట్టంతో రెండు సాయంత్రాలు కూర్చుని తీశాను, వేళ్లు కూడా తెగాయి. చెప్పగానే యజమాని వాదించకుండా బిల్లులో 50 డాలర్లు తగ్గించారు, కానీ ఆ పని నేను చేయవలసింది కాదు. చెప్పిన తేదీకి బండి వారం ఆలస్యంగా ఇచ్చారన్నది కూడా రాయాలి.

జాతరలో తనిఖీ ఒక్క అభ్యంతరం లేకుండా ముగిసింది. నా రౌండులో పది బండ్లు దిగితే నలుగురం మిగిలేదాకా ఆడాను. ముందు చక్రాన్ని తిప్పే రాడ్డు వంగిపోయి ఆగానే తప్ప, ఇంజిన్ అప్పటికీ నడుస్తూనే ఉంది. డిక్కీ మొత్తం నలిగి వెనక చక్రాల దాకా వచ్చేసింది, అసలు ట్యాంకు ఉండే చోటు కాగితంలా మడతపడింది. సీటు వెనక కట్టిన ట్యాంకుకు మాత్రం చిన్న సొట్ట కూడా పడలేదు.

కారు ధర కాక షెడ్డుకు 1,400 డాలర్లు ఇచ్చాను, ఆ పనికి అది న్యాయమైన ధరే. జూన్ దాటితే వారు కొత్త పని ఒప్పుకోరు కనుక, వెళ్లదలచినవారు వసంతంలోనే రూల్స్ కాగితం వెంటబెట్టుకుని మాట్లాడుకోవాలి. వచ్చే ఏడాదికి కూడా నేను అక్కడికే వెళ్తాను, అద్దాలు మాత్రం ఇంటి దగ్గర నేనే విప్పి తీసుకెళ్తాను.