పిట్స్‌బర్గ్ ప్రయాణం: ముంచిన హోటల్, మురిపించిన ఫర్నేస్

విశాఖపట్నం నుంచి పెదనాన్న, పెద్దమ్మ వచ్చి కొలంబస్‌లో మా ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళను పిట్స్‌బర్గ్ తీసుకెళ్ళాం. కారులో మూడు గంటల పైచిలుకు దారి. ఊరు మా అందరికీ నచ్చింది. హోటల్ మాత్రం మా డబ్బు తినడమే కాకుండా పెదనాన్న మనసు కూడా నొప్పించింది. వేసవిలో అమ్మానాన్నలను తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ముందుగా ఆ సంగతే రాస్తున్నాను.

నగరం నడిబొడ్డున, నదులు కలిసే చోటికి నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉందని రెండు గదులు తీసుకున్నాం. గదికి రాత్రికి 139 డాలర్లు. రెండు రాత్రులకు రెండు గదులూ కలిపి 556, దాని మీద 14 శాతం పన్ను 77 డాలర్ల 84 సెంట్లు. ఇంతవరకు పేచీ లేదు, పన్ను ఎవరైనా కట్టాల్సిందే. కారు దిగగానే అసలు బాదుడు మొదలైంది. కారు మనం పెట్టుకోవడానికి వీల్లేదు, తాళాలు వాళ్ళ మనిషి చేతికే ఇవ్వాలి, అందుకు రాత్రికి 46 డాలర్లు. బుక్ చేసుకున్నప్పుడు పార్కింగ్ ఉందని రాశారు తప్ప ఎంతో రాయలేదు. 2025 మే నుంచి అమలులో ఉన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వ్యాపారాల మీద నిఘా ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ) నిబంధన ప్రకారం, హోటళ్ళు తప్పనిసరి రుసుములన్నీ మొదట చూపించే ధరలోనే కలపాలి. పార్కింగ్ ‘తప్పనిసరి’ కాదు కాబట్టి దీనిలోకి రాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో, నాలుగు పెట్టెలతో దిగినవాళ్ళకు అది తప్పనిసరి కాక మరేమిటి?

అది కూడా సరిపెట్టుకునేవాళ్ళం. పెదనాన్న ఇన్సులిన్ తీసుకుంటారు. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటే అందులోని రెండు నీళ్ళ సీసాలు, ఒక జీడిపప్పు పొట్లం తీసి బల్ల మీద పెట్టి, ఆ జాగాలో ఇన్సులిన్ పెన్నులు పెట్టుకున్నారు. తెల్లవారేసరికి తలుపు కింద 28 డాలర్ల చీటీ. సీసాకు 7 చొప్పున 14, జీడిపప్పుకు 14. వస్తువు కదిలితే అమ్ముడైనట్లు లెక్క రాసుకునే ఏర్పాటు ఆ ఫ్రిజ్‌లో ఉందట. ఆ సంగతి గదిలో ఎక్కడా కంటికి కనబడేలా రాసి లేదు.

పెదనాన్న విప్పని పొట్లం, మూత తియ్యని సీసాలు చేతుల్లో పట్టుకుని స్వయంగా కిందికి దిగారు. కౌంటరు మీద ఒక్కొక్కటిగా పెట్టారు. అక్కడున్న అమ్మాయి వాటి వంక కూడా చూడలేదు. “కదిపితే కొన్నట్లే” అంది. ఇన్సులిన్ కోసం అని చెబితే, వేరే ఫ్రిజ్ కావాలంటే రాత్రికి 20 డాలర్లు, ఉచితంగా కావాలంటే డాక్టరు చీటీ తెమ్మంది. పెన్నుల మీద మందు పేరు ఉంది, పెట్టె మీద రోగి పేరు ఉంది, ఇంకా ఏ చీటీ కావాలి? పెదనాన్న ఒక్క మాట కూడా పెంచకుండా గదికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. “ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యే దాకా ప్లాంటులోంచి ఒక్క బోల్టు ఇంటికి తీసుకెళ్ళలేదమ్మా. ఆ పిల్ల నన్ను అలా చూసిందేమిటి?” అన్నారు. మధ్యాహ్నం మా ఆయన మేనేజరును పట్టుకుని గట్టిగా అడిగితే ఆ 28 డాలర్లు తీసేశారు. క్షమించమన్న మాట ఒక్కటి వాళ్ళ నోటి నుంచి రాలేదు. చివరికి కట్టింది 725 డాలర్ల 84 సెంట్లు.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు నడిబొడ్డు మోజు వదులుకోండి. తూర్పున మన్రోవిల్ వైపు దిగండి. అక్కడి హోటళ్ళ ముందు కారు ఉచితంగా పెట్టుకోవచ్చు, వేంకటేశ్వరస్వామి గుడి కూడా దగ్గర. ఉదయం, సాయంత్రం స్క్విరల్ హిల్ సొరంగం దగ్గర బండ్లు బారులు తీరతాయి కాబట్టి పదింటికి బయలుదేరడం మేలు. ఊళ్ళోకి వెళ్ళాక కారు ఒకచోట పెట్టేసి ‘టీ’ అనే రైలెక్కండి. నడిబొడ్డున ఉన్న స్టేషన్ల మధ్య, నది కిందుగా అవతలి ఒడ్డుకు కూడా దానికి టికెట్ లేదు. ఫ్రిజ్ సంగతి మాత్రం ఏ హోటల్లోనైనా ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఆ పూట పెదనాన్న ముఖం తేటపడింది డ్యుకేన్ ఇన్‌క్లైన్ దగ్గరే. కొండవాలు మీద పట్టాలు వేసి తాళ్ళతో లాగే ఈ బండి 1877 నాటిది. పోవడానికి రెండున్నర డాలర్లు, రావడానికి మరో రెండున్నర ఇచ్చాం. 1962లో మూతపడితే ఆ కొండ మీది జనం చందాలు పోగుచేసి మరుసటి ఏడాది మళ్ళీ నడిపించారు. పై నుంచి చూస్తే అలెఘనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా సాగిపోవడం ఒక్క చూపులో కనబడుతుంది. మేమంతా ఆ మూలన ఎగసే ఫౌంటెన్ ఫోటోలు తీసుకుంటూ ఉంటే పెదనాన్న మాత్రం బండిని లాగే యంత్రం దగ్గర నిలబడిపోయారు. పెద్ద చక్రానికి నేటికీ చెక్క పళ్ళే ఉన్నాయి. “పన్ను విరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు, చక్రం పాడవదు” అని మా అబ్బాయికి విడమరిచి చెప్పారు. కింద స్టేషన్లో మెట్లున్నాయి, పెద్దమ్మ ఇబ్బంది పడింది. మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళకు కొంచెం అవతల ఉన్న మొనాంగహేలా ఇన్‌క్లైన్ నయం.

పెన్ హిల్స్ కొండ మీది వేంకటేశ్వరస్వామి గుడి 1970లలో కట్టింది, అమెరికాలో మనవాళ్ళ తొలి గుళ్ళలో ఒకటి. దర్శనం బాగా జరిగింది, పెద్దమ్మ తృప్తిగా పులిహోర తిన్నది. డైనోసార్ల మ్యూజియం మా అబ్బాయికి పండగ. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళ 42 అంతస్తుల భవనం కేథడ్రల్ ఆఫ్ లెర్నింగ్‌లో నలందా తీరులో కట్టిన భారతీయ గది చూడదగ్గదే. స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌లో పిరోగీలు తప్పకుండా తినండి. ఉక్కు మిల్లుల్లో పనికి వచ్చిన పోలండ్, స్లొవాకియా జనం తెచ్చిన వంటకం, ఆకారం అచ్చం మన కజ్జికాయ, లోపల బంగాళాదుంప. ప్లేటు 12 డాలర్లు. మాంసం కొవ్వులో వేయిస్తారేమో అడిగి, వెన్నలో వేయించమని చెప్పాలి. ఉల్లిపాయ ముక్కలు ఎర్రగా వేయించి పైన చల్లి ఇస్తే పెద్దమ్మ రెండో ప్లేటు చెప్పించింది.

ఇక ఈ ప్రయాణానికి ప్రాణం పోసింది క్యారీ ఫర్నేస్, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసిన పాత కొలిమి. పెదనాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. పెద్దమ్మకు, పిల్లాడికి అంత నడక కుదరదని వాళ్ళను మా ఆయనతో నది అవతల హోమ్‌స్టెడ్ దుకాణాల వైపు పంపి, నేనూ పెదనాన్నా వెళ్ళాం. ఆ దుకాణాలున్న చోటే ఒకప్పుడు హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లు ఉండేది, 1986లో మూసేశారు. వరుసగా నిలబడ్డ పొగ గొట్టాలు మాత్రం మిగిలాయి. ఆ మిల్లుకు కరిగిన ఇనుము ఈ క్యారీ నుంచే వంతెన మీదుగా వెళ్ళేది. ఇప్పుడు మిగిలినవి ఆరు, ఏడు నంబరు ఫర్నేసులు. 1907లో కట్టారు, 92 అడుగుల ఎత్తు, ఒళ్ళంతా తుప్పు.

కరిగిన ఇనుమును కొలిమి నుంచి బయటికి వదిలే కాస్ట్ హౌస్‌లోకి అడుగుపెట్టగానే పెదనాన్న నడక మారిపోయింది. గైడు చెప్పకముందే ఇనుము బయటికి వచ్చే రంధ్రం, ట్యాప్ హోల్, ఎక్కడుందో అక్కడికి వెళ్ళి వంగి చూశారు. ఇసుక నేలలో ఇనుము పారే కాలువ వెంట నడుస్తూ, స్లాగు, అంటే ఇనుము మీద తేలే మడ్డి, ఎక్కడ విడిపోతుందో చేత్తో గాలిలో గీసి చూపించారు. గైడు అది గమనించి ఎక్కడ పనిచేశారని అడిగాడు. విశాఖ అని చెప్పగానే, మిగతా జనాన్ని చుట్టూ చేర్చి మీరే చెప్పండన్నాడు. పెదనాన్న మొదట మొహమాటపడ్డారు, తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పుకుపోయారు. ఎగిరే నిప్పురవ్వల తీరు చూసి ఇనుములో సిలికాన్ ఎక్కువో తక్కువో పసిగట్టేవాళ్ళమని చెబితే అందరూ నోళ్ళు తెరిచి విన్నారు. వీళ్ళు ఫర్నేసులకు క్యారీ, లూసీ, ఇసబెల్లా అని ఆడవాళ్ళ పేర్లు పెట్టుకున్నారట. మావి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పెదనాన్న చెబుతున్నప్పుడు ఆయన గొంతులోని గర్వం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

హోమ్‌స్టెడ్ మిల్లులో జరిగిన 1892 సమ్మె గురించి కూడా గైడు చెప్పాడు. కార్మికులను అణచడానికి కంపెనీ పింకర్టన్ అనే ప్రైవేటు ఏజెన్సీ సాయుధ మనుషులను పడవల్లో ఈ నది మీదుగా దించింది, కాల్పుల్లో ఇరువైపులా ప్రాణాలు పోయాయి. పెదనాన్న నది వంక చూస్తూ విన్నారు. తిరిగి వచ్చేటప్పుడు, విశాఖ ప్లాంటును ప్రైవేటుపరం చేస్తామని 2021లో ప్రకటించినప్పటి నుంచి తన మిత్రులు ఎన్ని ధర్నాలు చేశారో కారులో చెప్పుకొచ్చారు. “ఇంత పెద్ద మిల్లు పోయి దుకాణాలు వచ్చాయంటే మన ప్లాంటు సంగతి ఏమిటమ్మా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రాత్రి భోజనాల దగ్గర కూడా ఆ మాటే సాగింది. హోటల్ ఊసు ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనే మరిచిపోలేకుండా ఉన్నాను.

క్యారీకి ఎప్పుడంటే అప్పుడు వెళ్ళలేం. చలికాలం పర్యటనలు ఉండవు, వెచ్చని నెలల్లోనూ చాలావరకు వారాంతాల్లోనే. టికెట్ ముందుగా కొనుక్కోవాలి. దాదాపు రెండు గంటల నడక, అంతా కంకర నేల, నీడ తక్కువ. వేళ్ళు కనబడే చెప్పులతో లోపలికి రానివ్వరు, పెద్దవాళ్ళ చేత బూట్లు వేయించండి.